అసెంబ్లీలో బిల్లు ఎక్కడిదాకా వచ్చిందో ఊళ్ళో వాళ్ళు వాళ్ళంతట వాళ్ళే చూసుకునేట్టు ఎట్టా నేర్పాలి?

పుస్తకాల గది, కందుకూరు:

అందరికీ నమస్కారం. మాది కందుకూరు పక్కన పల్లె. ఆదివారాలు లైబ్రరీలో కొంతమందిమి కూర్చుంటాం, పొగాకు రైతులు, డ్వాక్రా గ్రూపుల ఆడవాళ్ళు, గ్రూప్ టూకి చదువుకునే పిల్లలు. పేపర్ చదివి మాట్లాడుకోవడంతో మొదలైంది. ఈ మధ్య ఏ విషయం తీసుకున్నా చివరికి ఒక దగ్గరికే వచ్చి ఆగుతున్నాం: మన భూమినో, మన పంచాయతీనో మార్చే చట్టం ఏదైనా సరే, అంతా అయిపోయాకే మనకి తెలుస్తుంది.

ల్యాండ్ టైట్లింగ్ చట్టమే చూడండి, భూమి ఎవరిదో ప్రభుత్వ రికార్డులో ఖాయం చేసే చట్టం అది. 2019లో మొదటిసారి మన సభలో పాసైంది, తర్వాత మార్పులు చేసి 2022లో మళ్ళీ పాస్ చేశారు, 2023 అక్టోబరు 31 నుంచి అమల్లోకి తెచ్చారు. మా రచ్చబండ దగ్గర దాని పేరు గట్టిగా వినబడింది మాత్రం 2024 ఎన్నికల ప్రచారంలో. అప్పుడు కూడా ఒకళ్ళు భూములు పోతాయని, ఇంకొకళ్ళు ఏం కాదని మైకుల్లో చెప్పడమే గానీ, కాగితం చేతిలో పట్టుకుని ఒక్క సెక్షన్ చదివి వినిపించినవాళ్ళు లేరు. 2024 జులైలో రద్దు బిల్లు కూడా పాసైపోయింది. అయిదేళ్ళు నడిచిన వ్యవహారంలో మేం చూసింది ఆఖరి కొన్ని నెలలే.

అందుకని మా వాళ్ళకి నేర్పాలనుకుంటున్నా. బిల్లు ఎక్కడ దొరుకుతుంది, ఏ దశలో ఉందో ఎట్టా తెలుస్తుంది, ఎవరికి రాయాలి, ఎప్పుడు రాయాలి. నేను లాయర్ని కాను, కాలేజీలో సివిక్స్ చదివానంతే. ఆర్టికల్స్ బోర్డు మీద రాసి చెప్తే పిల్లలు రాసుకుంటారు, వాళ్ళకి పరీక్షలో పనికొస్తుంది, పెద్దవాళ్ళు మాత్రం లేచి వెళ్ళిపోతారు. పోయిన వారం ఒక పొగాకు రైతు సూటిగా అడిగాడు, "పాసైపోయిన తర్వాత తెలుసుకుని ఏం చేసుకోవాలమ్మా?" అని. దానికి నా దగ్గర సరైన జవాబు లేదు. ఇట్టాంటి పని చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

నల్లకోటు, ఒంగోలు:

మంచి పని చేస్తున్నారమ్మా. నేను ఒంగోలు కోర్టులో ప్రాక్టీసు చేస్తాను, చాలావరకు సివిల్ కేసులే. ల్యాండ్ టైట్లింగ్ మీద రాష్ట్రమంతా లాయర్లు కోర్టులు బహిష్కరించినప్పుడు మా దగ్గరికొచ్చిన రైతులు అడిగిన మొదటి ప్రశ్న కూడా "ఇది ఎప్పుడు చేశారు సార్" అనే.

నా సలహా ఒకటే. రాజ్యాంగంతో మొదలుపెట్టొద్దు, ఒక్క బిల్లు తీసుకోండి, దాన్ని మొదటి నుంచి చివరి దాకా నడిపించండి. మీరు చెప్పిన ఆ చట్టమే తీసుకోండి, అందరికీ దాని మీద కోపమో భయమో ఇంకా ఉంది కాబట్టి కదలకుండా కూర్చుంటారు. బిల్లుకి ఒక నంబరు ఉంటుంది, ఎల్.ఏ. (అంటే అసెంబ్లీ) బిల్ నంబర్ ఇంత ఆఫ్ ఫలానా సంవత్సరం అని. గవర్నరో రాష్ట్రపతో సంతకం పెట్టాక చట్టంగా ఇంకో నంబరు వస్తుంది. ఈ రెండు నంబర్లూ వేరని తెలియకే చాలామంది నెట్‌లో వెతికి దొరకలేదని వదిలేస్తారు. ల్యాండ్ టైట్లింగ్‌లో అయితే మరీ తికమక, పేరులో 2022 అని ఉంటుంది, నంబరు చూస్తే 2023లో 27వ చట్టం. రాష్ట్రపతి ఆమోదం 2023లో వచ్చింది కాబట్టి అట్లా పడింది. ఒక నోట్‌బుక్‌లో బిల్లుకి ఒక పేజీ పెట్టించండి: పేరు, బిల్లు నంబరు, సభలో పెట్టిన తేదీ, అసెంబ్లీ పాస్ చేసిన తేదీ, శాసన మండలి తేదీ, సంతకం తేదీ, గెజిట్ (ప్రభుత్వ అధికారిక ప్రకటనల పత్రం) తేదీ, అమల్లోకి వచ్చిన తేదీ, రూల్స్ వచ్చిన తేదీ. ఏ గడి ఖాళీగా ఉంటే బిల్లు అక్కడ ఆగిందన్నమాట. ఈ పేజీ నింపడం వస్తే సగం పని అయినట్టే.

ఆ ఖాళీ గడి విలువ ఏంటో చెప్పడానికి దిశ బిల్లు తీసుకోండి, ఆడవాళ్ళ మీద నేరాలకి త్వరగా శిక్ష పడాలని తెచ్చింది. 2019 డిసెంబరులో మన అసెంబ్లీ పాస్ చేసింది. దిశ పోలీస్ స్టేషన్లు పెట్టారు, యాప్ వచ్చింది, జనం అంతా దిశ చట్టం ఉందనే అనుకున్నారు. కేంద్ర చట్టాలతో ముడిపడ్డ విషయం కాబట్టి దానికి రాష్ట్రపతి ఆమోదం కావాలి, అది రాలేదు. అంటే చట్టం కాలేదు. సభలో బల్లలు చరిచిన వీడియో చూసి చట్టం వచ్చేసిందనుకోవడం ఎంత తేలికో మా కోర్టు ఆవరణలోనే చూశాను, చదువుకున్నవాళ్ళు కూడా ఆ చట్టం కింద కేసు పెట్టమని వచ్చేవాళ్ళు.

మండలి సంగతి చెప్పాలంటే 2020 నాటి మూడు రాజధానుల బిల్లు కంటే మంచి పాఠం లేదు. రాజకీయం పక్కన పెట్టి తేదీలు మాత్రం చూపించండి. జనవరి 20న అసెంబ్లీ పాస్ చేసింది, 22న మండలిలో చైర్మన్ సెలెక్ట్ కమిటీకి (బిల్లుని పరిశీలించే సభ్యుల కమిటీకి) పంపుతున్నామన్నారు, జూన్ 16న అసెంబ్లీ మళ్ళీ పాస్ చేసింది, ఇంకో నెల గడిచాక గవర్నర్ దగ్గరికి వెళ్ళి జులై 31న సంతకం అయింది, 2021 నవంబరులో అదే ప్రభుత్వం రద్దు బిల్లు పెట్టింది. మండలి మామూలు బిల్లుని మొదటిసారి 3 నెలలు, రెండోసారి 1 నెల ఆపగలదు, అంతకు మించి ఆపలేదు, ద్రవ్య బిల్లయితే (పన్నులు, ప్రభుత్వ ఖర్చుల బిల్లు) 14 రోజులే. ఇది 197, 198 ఆర్టికల్స్‌లో ఉంది గానీ, ఈ తేదీలు చూశాక ఆర్టికల్ నంబరు మీరు చెప్పకపోయినా పిల్లలే అడుగుతారు.

చెరువుగట్టు, ఇందుకూరుపేట:

లాయర్ గారూ, మీరు చెప్పింది కాదనను గానీ, మా లాంటోళ్ళని దెబ్బకొట్టేది బిల్లు కాదండీ, తర్వాత వచ్చే జీవోలూ రూల్సూ. నాకు రొయ్యల చెరువులున్నాయి. ఆక్వాకి లైసెన్సులు, సీడు, ఫీడు అన్నిటి మీదా రాష్ట్రం 2020లో ఆక్వాకల్చర్ డెవలప్‌మెంట్ అథారిటీ చట్టం తెచ్చింది. ఆ చట్టంలో చూస్తే ఫీజు ఇంత అని అంకె ఉండదు, నిర్ణయించిన విధంగా అని ఉంటుంది. ఆ నిర్ణయం ఎక్కడుంటుంది? రూల్స్‌లో. అసలు రైతుకి కావల్సింది ఆ కాగితం. చీమకుర్తి గ్రానైట్ వాళ్ళని అడగండి, సీనరేజీ (తవ్విన రాయి మీద ప్రభుత్వానికి కట్టే రుసుము) పెరిగినప్పుడల్లా అసెంబ్లీలో బిల్లు పెట్టారా? 1966 నాటి మైనర్ మినరల్ రూల్స్‌ని జీవోతో మార్చేస్తారు, అంతే.

ఇంకో సంగతి. మా వైపు ఒకే ఊళ్ళో రెండు చట్టాలు. సముద్రం పోటు గీత నుంచి 2 కిలోమీటర్ల లోపల చెరువుంటే ఉప్పునీటి సాగుకి కేంద్రం 2005లో చేసిన కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం కింద రిజిస్ట్రేషన్, దాన్ని 2023లో పార్లమెంటులో సవరించారు. లోపలికి పోయేకొద్దీ రాష్ట్రం చట్టం. మా మనిషి ఒకాయన కేంద్రం చేతిలో ఉన్న విషయం మీద ఎమ్మెల్యే చుట్టూ ఏడాది తిరిగాడు. ఆయన ఎమ్మెల్యే, నీది ఎంపీ పని అని ఎవరూ చెప్పలేదు. పొగాకు కూడా అంతే కదమ్మా, టుబాకో బోర్డు 1975 నాటి కేంద్ర చట్టం కింద నడుస్తుంది, వేలం కేంద్రంలో ఎన్ని కిలోలు అమ్ముకోవాలో వెలగపూడిలో, మన అసెంబ్లీలో తేల్చరు. కాబట్టి మొదటి క్లాసులో బిల్లు దశలు కాదు, ఈ గొడవ ఎవరి చేతిలో ఉంది అనేది నేర్పండి. అది తెలియకుండా మిగతాది ఎంత నేర్పినా తప్పు గుమ్మం ముందు నిలబడతారు.

పుస్తకాల గది, కందుకూరు:

చెరువుగట్టు అన్నా, ఇది నిజంగా ఉపయోగపడే మాట. మా కందుకూరు సంగతే చూడండి, 2022లో మమ్మల్ని ప్రకాశం నుంచి తీసి నెల్లూరులో కలిపారు. ఊరంతా అసెంబ్లీలో ఎప్పుడు ఓటింగ్ పెట్టారని అడిగింది. అది బిల్లు కాదు, 1974 నాటి జిల్లాల ఏర్పాటు చట్టం కింద ఇచ్చిన నోటిఫికేషన్. జనవరి చివర్లో ముసాయిదా వచ్చింది, అభ్యంతరాలకి 30 రోజులు గడువిచ్చారు, ఏప్రిల్ 4కి కొత్త జిల్లాలు. ఆ 30 రోజుల్లో కలెక్టరేట్‌కి కాగితం రాసిచ్చినవాళ్ళ కంటే, రోడ్డు మీద టైర్లు కాల్చినవాళ్ళ సంగతే మాకు ఎక్కువ తెలిసింది.

టీచరమ్మ, కావలి:

మా వీధిలో డ్వాక్రా అక్కలతో కలిసి ఒక బిల్లు చదివాం, ఎట్లా జరిగిందో రాస్తాను, మీకు పనికిరావచ్చు.

2024 నవంబరులో పంచాయతీరాజ్ సవరణ బిల్లు పాసైంది గుర్తుందా, ఇద్దరి కంటే ఎక్కువ పిల్లలున్నవాళ్ళు సర్పంచిగా, వార్డు మెంబరుగా పోటీ చేయకూడదనే నిబంధన తీసేశారు. మా గ్రూపులో ముగ్గురు పిల్లలున్న అక్కలున్నారు, వాళ్ళకి ఇది చదువు కాదు, సొంత విషయం. బిల్లు పీడీఎఫ్ ఫోన్లో తెరిచాం. చాలా చిన్నది. ఇంగ్లీషులో ఉంది. అసలు వాక్యం చూస్తే 19వ సెక్షన్‌లో 3వ ఉపసెక్షన్ తొలగించాలి అన్నట్టు ఉంటుంది, పిల్లలన్న మాటే ఎక్కడా కనబడదు. ఒక అక్క ఫోన్ పక్కన పెట్టేసి "ఇందులో మనదేం లేదు టీచరమ్మా" అనేసింది. సవరణ బిల్లు అంటే ఇంతే, పాత చట్టం పక్కన పెట్టుకోకపోతే అందులో ఏమీ ఉండదు. అప్పుడు 1994 పంచాయతీరాజ్ చట్టం తెరిచి 19వ సెక్షన్ దగ్గరికి వెళ్ళాం, 3వ ఉపసెక్షన్ చదివి తెలుగులో చెప్పాను, తర్వాత ఆ అక్క చేతే కాగితం మీద ఆ పేరా రాయించి పెన్నుతో అడ్డంగా కొట్టించాను. అప్పుడు అర్థమైంది, బిల్లు చేసిన పని అదే అని. అందరూ ఒక్కసారి మాట్లాడటం మొదలుపెట్టారు. జిల్లా పరిషత్‌కి కూడా ఇదేనా, మున్సిపాలిటీకి ఇంకో బిల్లుందా (ఉంది, మున్సిపల్ చట్టాలకి వేరే సవరణ బిల్లు అదే సమయంలో వచ్చింది), కోర్టులో పాత కేసుల సంగతేంటి అని.

ఇంకోటి, ప్రతి బిల్లు చివర ఉద్దేశాలు, కారణాలు అని ఒక పేజీ ఉంటుంది, ప్రభుత్వం ఈ బిల్లు ఎందుకు తెస్తోందో వాళ్ళ మాటల్లోనే రాస్తారు. ముందు అది చదివించండి, తర్వాత సెక్షన్లు. చెప్పిన కారణానికీ లోపల రాసిన సెక్షన్‌కీ పొంతన కుదిరిందా లేదా అనేది మామూలు మనుషులు చాలా బాగా పట్టుకుంటారు. చీటీల లెక్కలు రాసే ఆడవాళ్ళు వాళ్ళు, కాగితంలో మెలిక ఎక్కడుందో నాకంటే ముందే చూస్తారు.

పాత చట్టాలకి ఇండియా కోడ్ సైట్, బిల్లులకి అసెంబ్లీ సైట్, రెండు చోట్లా దొరకనివి పీఆర్ఎస్ (చట్టసభల పనిని గమనించే సంస్థ) వాళ్ళ సైట్లో రాష్ట్రాల విభాగంలో వెతుకుతాం. గెజిట్‌కి వేరే సైట్ ఉంది. జీవోలు పెట్టే సైట్ 2021 ఆగస్టు నుంచి ఆపేశారు కదా, 2024లో మళ్ళీ తెరిచారు, మధ్యలో వచ్చిన జీవోల కోసం వెతికేటప్పుడు ఆ సంగతి గుర్తుపెట్టుకోండి, లేకపోతే లేని చోట గంటలు గంటలు వెతుకుతారు.

గ్రూప్స్ కుర్రాడు, దర్శి:

అక్కా, అన్నయ్యా, ఒక డౌట్. అసెంబ్లీ సమావేశాలు యూట్యూబ్‌లో లైవ్ చూస్తుంటాను. పొద్దున బిల్లు పెడతారు, సాయంత్రమో మర్నాడో పాసైపోతుంది, కొన్నిసార్లు మంత్రి నాలుగు మాటలు చదవడం, స్పీకర్ అవునన్నవారు ఎక్కువ అనడం, అయిపోవడం. మూడు దశల పరిశీలన అని పుస్తకంలో చదివి పరీక్షలో రాస్తున్నాం, సభలో చూస్తే ఆ మూడు దశలూ పది నిమిషాల్లో అయిపోతున్నాయి. మరి ఆ పొగాకు రైతు పెద్దాయన అడిగిన ప్రశ్న కరెక్టే కదా? మనకి కాగితం దొరికేలోపే పాసైపోతుంటే ఎవరికి ఏం రాస్తాం?

నల్లకోటు, ఒంగోలు:

తమ్ముడూ, నువ్వు చూసింది నిజమే, ఇది మన రాష్ట్రం ఒక్కదాని జబ్బు కాదు, పీఆర్ఎస్ వాళ్ళు ఏటా రాష్ట్రాల శాసనసభల మీద ఇచ్చే నివేదికల్లో కూడా ఈ మాట ఉంటుంది, చాలా చోట్ల బిల్లులు ఎక్కువ భాగం పెట్టిన రోజో మర్నాడో పాసైపోతున్నాయని. కేంద్రంలో 2014లో ఒక విధానం పెట్టుకున్నారు, బిల్లు ముసాయిదాని 30 రోజులు జనం ముందు పెట్టాలని. అది రాష్ట్రాలకి వర్తించదు. మన దగ్గర కూడా అట్లాంటిది కావాలని అడగాల్సిన అవసరం ఉంది, గట్టిగా అడగాలి కూడా.

అయితే పెద్దాయనకి జవాబు ఉంది. సభలో ఓటింగ్ ఒక్కటే సమయం అనుకుంటే ఆయన చెప్పింది నిజం. దానికి ముందూ వెనకా సమయం ఉంది. ముందు కేబినెట్ ఆమోదిస్తుంది, ఆ సాయంత్రమే మంత్రి విలేకరుల ముందు ఏ బిల్లుకి ఆమోదం ఇచ్చారో చెప్తాడు, మర్నాడు జిల్లా పేపర్లో లోపలి పేజీలో రెండు లైన్లు వస్తుంది. ఆ రెండు లైన్లు కత్తిరించి నోట్‌బుక్‌లో అంటించడం మీ లైబ్రరీ పిల్లలు చేయగలిగిన పని. సభ లేనప్పుడు ఆర్డినెన్స్ (గవర్నర్ ఇచ్చే తాత్కాలిక చట్టం) వస్తే ఇంకా ఎక్కువ సమయం ఉంటుంది, ఆర్డినెన్స్ అంటే అప్పటికే గెజిట్‌లో పూర్తి పాఠం ఉన్నట్టే, సభ మళ్ళీ మొదలైన 6 వారాల్లోపు దాని స్థానంలో చట్టం చేయకపోతే అది పోతుంది, కాబట్టి తర్వాతి సమావేశాల్లో ఆ బిల్లు దాదాపు ఖాయం. ఎమ్మెల్యే దగ్గరికి వెళ్ళాల్సింది అప్పుడు.

వెనక సంగతికి వస్తే చెరువుగట్టు గారు చెప్పిందే. ల్యాండ్ టైట్లింగ్ 2022 సెప్టెంబరులో పాసైంది, అమల్లోకి వచ్చింది 2023 అక్టోబరులో, మధ్యలో ఏడాది పైన ఉంది. రికార్డులో పేరెక్కాక రెండేళ్ళు ఎవరూ అభ్యంతరం పెట్టకపోతే అదే ఖాయం అవుతుందని, సివిల్ కోర్టుకి వెళ్ళే దారి మూసేశారని ఆ కాగితంలో అందరికీ కనబడేట్టే ఉంది. ఆ ఏడాదిలో ఊళ్ళల్లో ఎవరూ చదవలేదు, మేం లాయర్లం కూడా చాలామందిమి అమల్లోకి వచ్చాకే కదిలాం. పాసైపోయిన చట్టం కూడా రద్దయిందా లేదా? జనం చదివితే పాసయ్యాక కూడా పని జరుగుతుందని ఆయనకి అదే చూపించండి.

పట్టభద్రుల ఓటు, గూడూరు:

ఎవరికి రాయాలన్నదానికి ఒక మాట. అందరూ ఎమ్మెల్యేనే తలుస్తారు. మన రాష్ట్రంలో 175 మంది ఎమ్మెల్యేలతో పాటు మండలిలో 58 మంది ఉన్నారు, అందులో పట్టభద్రులు ఎన్నుకునేవాళ్ళు 5, టీచర్లు ఎన్నుకునేవాళ్ళు 5. ప్రకాశం, నెల్లూరు, చిత్తూరు పాత జిల్లాలు మూడింటికీ కలిపి తూర్పు రాయలసీమ నియోజకవర్గం, పట్టభద్రులకి ఒకరు, టీచర్లకి ఒకరు. మీ లైబ్రరీకొచ్చే డిగ్రీ పిల్లల్లో ఆ ఓటు నమోదు చేసుకున్నవాళ్ళు ఎంతమంది? ఇక్కడ మా కాలేజీ బ్యాచ్‌లో అడిగితే చేతులు లేవలేదు. ఎమ్మెల్సీకి నియోజకవర్గం పెద్దది, రోజూ రోడ్లూ పింఛన్లూ అని జనం ఆయన ఇంటి ముందు నిలబడరు, బిల్లు మీద ఒక పేజీ కాగితం చదివే తీరిక అక్కడ దొరికే అవకాశం ఎక్కువ. కాగితంలో కూడా "ఈ బిల్లు వద్దు" అని రాయొద్దు, ఏ సెక్షన్, ఏ మాట, దాని బదులు ఏముండాలి అని రాయండి, సవరణ ఇవ్వాలన్నా, ప్రశ్న వేయాలన్నా వాళ్ళకి కావల్సింది అదే.

రూల్స్ ఇంకా రాకపోతే సమాచార హక్కు కింద సంబంధిత శాఖకి రాష్ట్ర స్థాయిలో 10 రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టండి, ఫలానా చట్టం కింద రూల్స్ జారీ అయ్యాయా, అయితే కాపీ ఇవ్వండి, కాకపోతే ఫైలు ఏ దశలో ఉంది అని. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే మొదటి అప్పీలు. ఈ దరఖాస్తు అందరి చేతా ఒకసారి రాయిస్తే బాగుంటుంది, చేతిరాతతో, తెలుగులోనే.

పుస్తకాల గది, కందుకూరు:

అందరికీ చాలా థ్యాంక్స్, ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. వచ్చే ఆదివారం ముందు చెరువుగట్టు అన్న చెప్పినట్టు మా వాళ్ళ గొడవలన్నీ రాయించి, ఏది ఢిల్లీ, ఏది వెలగపూడి, ఏది కలెక్టరేట్, ఏది పంచాయతీ అని విడదీస్తాం. తర్వాత టీచరమ్మ గారి పద్ధతిలో ఆ 19వ సెక్షన్. నోట్‌బుక్ గడులు నల్లకోటు గారు చెప్పినవే పెట్టుకుంటున్నా, ఇంకో గడి మాత్రం కలిపాను, కేబినెట్ ఆమోదం వార్త వచ్చిన తేదీ.

ఒక సాయం కావాలి. బిల్లులు మాకు దొరుకుతున్నవి ఎక్కువ ఇంగ్లీషులోనే ఉంటున్నాయి, పిల్లలు అనువాదం చేస్తే లీగల్ మాటల దగ్గర ఆగిపోతున్నారు, ఫోన్లో అనువాదం పెడితే "వర్తించదు" అన్నది "వర్తిస్తుంది" అని వచ్చిన సందర్భం కూడా చూశాం, అది చాలా ప్రమాదం. మా పిల్లలు ఒక పేజీలో తెలుగు సారాంశం రాసి పంపితే, ఒంగోలు, నెల్లూరు, కావలి వైపు లాయర్లు ఎవరైనా తప్పులు చూసి పెట్టగలరా? సభ జరిగే రోజుల్లో అయితే అదే రోజు కావాలి, మిగతా రోజుల్లో వారం ఆగినా పర్లేదు.

నల్లకోటు, ఒంగోలు:

పంపండమ్మా. సారాంశంతో పాటు బిల్లు పీడీఎఫ్ కూడా పెట్టండి, సెక్షన్ నంబరు పక్కన వేయించండి. మా జూనియర్లు ఇద్దరున్నారు, వాళ్ళకి కూడా అలవాటవుతుంది. సభ రోజుల్లో సాయంత్రం 6 తర్వాత పంపితే రాత్రికి చూసి ఇస్తాం.